సీటుంది, ఎక్కండి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
నాకు నోరే ఊరు, నోరే కూడు.
పదకొండేళ్లు మినీబస్సు తలుపుకి వేలాడుతూ
"సేహా, సేహా, రియో సెకో, సెంకాటా!
సీటుంది, ఎక్కండి!"
అని ఎల్ ఆల్టో చలిగాలికి చిల్లులు పెట్టినదాన్ని.

మార్చిలో బస్సులాగిపోయాయి.
ఆరేసి మరిచిపోయిన గుడ్డల్లా
కేబుల్ కార్లు తీగ మీదే ఉండిపోయాయి.
నా గొంతు ఇంట్లోకొచ్చి, ఏం చెయ్యాలో తోచక
గిన్నెల మీద పడింది.

వెనకాలే బడి కూడా ఇంట్లోకొచ్చింది.
మూల పగిలిన ఫోను ఒకటి, పిల్లలిద్దరు,
పది బొలివియానోలు పోస్తే
మూడు రోజులు ప్రాణంతో ఉండే నెట్టు.

లింబెర్ట్‌కి ఆరేళ్లు.
ఎర్లిందా టీచరు వాడికి తపాలాబిళ్లంత కనిపించేది.
"బిళ్ల చెప్తే నేనెందుకు వినాలి?" అని
బల్ల కిందకి దూరేవాడు.
బతిమాలాను. బెదిరించాను.
ఒకరోజు చెయ్యి చేసుకున్నాను.
ఆ రాత్రంతా నా అరచెయ్యి
నాది కానట్టు పడి ఉంది పక్కన.

తెల్లారి, మేకుకి దుమ్ముపట్టిన వాడి తెల్లకోటు దులిపి తొడిగాను.
గుండీలు పెట్టాను, సంచి తగిలించాను.
"ఎక్కడికి?"
"బడికి."
"బడి మూసేశారుగా?"
"మూసింది తలుపురా. దారి కాదు."

పెరట్లోకొచ్చాం. పై అంతస్తు కోసం కొని
ఐదేళ్లుగా పై అంతస్తు కాని ఇటుకల కుప్ప, నీళ్ల డ్రమ్ము, కుంటికుక్క.
ఎక్కణ్ణుంచి లేచిందో నా పాత గొంతు:
"డ్రమ్ము, డ్రమ్ము, ఇటుకలు, కుక్క దగ్గర,
పొయ్యి మీదుగా బడీ, బడీ, బడీ!
సీటుంది, ఎక్కండి!"

ఎక్కాడు.
ఛార్జీ ఒక ఎండు చిక్కుడుగింజ.
మూడో చుట్టులో వాడే అరిచాడు,
"బడి దగ్గర దిగుతాను!"
దిగాడు. కూర్చున్నాడు. బిళ్లకి దండం పెట్టాడు.

అప్పుడు చూశాను, మైకు తెరిచే ఉందని.
ఇరవైమూడు ఇళ్లలో నా కేక మోగిందని.
గోడలో దూరిపోదామనుకున్నాను.
"ఆ బస్సు మా వీధికి రాదా, రుఫినా గారూ?"
అంది టీచరు. గొంతు బొంగురుపోయి ఉంది పాపం,
ఖాళీ గదిలో ఒంటరిగా అరిచి అరిచి.

రోజూ పనిచేసిందని అబద్ధం చెప్పను.
వడగళ్లు పడ్డనాడు రేకు మోతలో
టీచరు పెదవులు మాత్రమే కదిలాయి.
నెట్టు అయిపోయిననాడు
బస్సు బడిదాకా వెళ్లి, బడి లేక, తిరిగొచ్చింది.

నేలిదాకి పద్నాలుగు.
కెమెరా మీద ప్లాస్టరు అంటించి, దుప్పటి ముసుగులో క్లాసు.
బస్సు సంగతి చెప్తే నవ్వలేదు. విసుక్కోనూ లేదు.
అదే భయమేసింది నాకు.

ఎక్స్ ఎవరో, ఎందుకు వెతుకుతారో నాకు తెలీదు.
ఊదారంగు మొక్కజొన్న జావ వేడిగా గ్లాసులో పోసి
చెయ్యి చాపితే అందేచోట పెట్టి
గోడకానుకుని బంగాళాదుంపల తొక్క తీస్తూ కూర్చున్నాను.
ఫోనువైపు చూడకుండా. ఒక్క ముక్క మాట్లాడకుండా.
కేకలమ్ముకుని బతికినదాన్ని
నలభై ఒకటో ఏట మౌనానికి ఓనమాలు దిద్దాను.
కొన్నిసార్లు గ్లాసు ఖాళీ అయ్యేది.
కొన్నిసార్లు జావ మీద మీగడ కట్టేది.

నిన్న రాత్రి దీపం తీశాక
దుప్పటి లోపలినుంచి:
"అమ్మా, నీ బస్సు రాత్రిళ్లు నడుస్తుందా?"

గొంతు ఎగిరి లేవబోయింది.
పట్టి ఆపాను.
"సీటుంది," అన్నాను,
ఒక్క మనిషికే వినపడేంత.

కాసేపటికి నా వీపుకి
రెండు చల్లటి పాదాలు ఆనుకున్నాయి.
ఛార్జీ అడగలేదు.